తెలుగులో దాచిన మాట

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్న మా నాన్న పోయారు. జంషెడ్‌పూర్ పక్కన గోవింద్‌పూర్‌లో మా ఇంట్లోనే, ముందుగదిలో కిటికీ పక్కన వేసిన మంచం మీద. చలి బాగా ఉన్న రోజు. మా ఆయన గుమ్మం బయట నిలబడి "మావయ్య ఎల్లిపోనారు" అని ఒక్కొక్కరికీ ఫోన్లో చెబుతుంటే, నేను వంటింట్లో పాలు పొంగిపోకుండా చూస్తూ నిలబడ్డాను. తండ్రి పోయిన గంటలో పాలు కాచే కూతురేమిటని మీరు అనుకోవచ్చు. మా చిన్నాడికి ఆకలేస్తోంది మరి.

ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఉక్కు కర్మాగారంలో క్రేన్ నడిపి రిటైరైన మనిషి, అంతే. కానీ ఇంట్లో ఒకవైపు చిన్నపిల్లలు, ఇంకోవైపు తగ్గని జబ్బుతో అమ్మో నాన్నో ఉన్నవాళ్ళు ఎక్కడో నాలాగే వణికిపోతూ ఉంటారు. మనకు ధైర్యం చెప్పేవాళ్ళకు కొదవలేదు గానీ, భయపడినవాళ్ళు ఎలా భయపడ్డారో చెప్పేవాళ్ళు తక్కువ. నేను చాలా భయపడ్డాను. అదే చెబుతాను.

నాన్న పనంతా కర్మాగారం షెడ్డు కప్పు కింద, పైన క్రేన్ క్యాబిన్‌లో. ఆ మోతలో మాట వినపడాలంటే అరవాల్సిందే కాబట్టి ఇంట్లోనూ అదే గొంతు. ఆయన గుసగుసలాడితే పక్కింటివాళ్ళు టీవీ సౌండు తగ్గించేవారు. అమ్మ నా పెళ్ళికి ముందే పోయింది. పెద్దది పుట్టాక నేను మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళాలంటే ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి. నేను నోరు తెరిచి అడగకముందే ఆయన ఒక సూట్‌కేసు, ఒక ప్రెషర్ కుక్కరు పట్టుకుని వచ్చేశారు. కుక్కరెందుకు నాన్నా అంటే, "మీ ఇంటి కుక్కర్లో పప్పు ఉడకదు, నాను సూసినాను" అన్నారు. రిటైరై ఎన్నేళ్ళయినా కూరల బజారుకు కంపెనీ ఇచ్చిన బరువు బూట్లే వేసుకుని వెళ్ళేవారు. టీ సాసర్‌లో పోసుకుని, ఊదకుండా, అది చల్లారేదాకా కళ్ళు మూసుకుని కూర్చునేవారు. మనవరాలికి జడ ఆయనే వేసేవారు. ఎంత బిగించి వేసేవారంటే, సాయంత్రం విప్పడానికి నా వేళ్ళు నొప్పి పుట్టేవి.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. జంషెడ్‌పూర్‌లో తెలుగువాళ్ళకు ఒక సుఖం ఉంది. చుట్టూ అందరూ ఉండగానే గుట్టుగా మాట్లాడుకోవచ్చు. బిష్టుపూర్ బట్టల కొట్లో యజమాని ఎదురుగానే "ఈ చీర ఒక్క ఉతుక్కి ఎలిసిపోద్ది, లేవే" అనేది మా అమ్మ, మొహాన నవ్వు చెదరకుండా. ఆటోలో, బ్యాంకులో, డాక్టర్ గదిలో, ఎక్కడైనా తెలుగు మాకు తలుపేసుకున్న గది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే.

మా పిల్లలు పుట్టాక ఆ గది గోడలు ఇంట్లోకి కూడా వచ్చాయి. బళ్ళో సీటు కోసం ఇంటర్వ్యూ అంటారు కదా, దాని కోసం వాళ్ళతో మేము హిందీ మొదలుపెట్టాం, ఇక మానలేదు. నాన్నొక్కరే తెలుగు వదల్లేదు. ఆయన తెలుగులో అడగడం, వాళ్ళు హిందీలో జవాబివ్వడం.

"అన్నం తిన్నావేటే గుంటా?"

"ఖా లియా, తాత."

"బడికాడ ఎవులితోనైనా దెబ్బలాడినావేటి?"

"నహీఁ తాత, వో లోగ్ హీ లడ్‌తే హైఁ." దెబ్బలాడేది వాళ్ళేనట.

మా పెద్దదాని నోట "తాత" తప్ప తెలుగు ముక్క రావడం నేను వినలేదు. వీధిలో పిల్లలు నవ్వుతారని దానికి సిగ్గు. అందుకని, పిల్లలు వినకూడనిది ఏదైనా ఉంటే నేనూ మా ఆయనా తెలుగులో మాట్లాడుకునేవాళ్ళం. మిగతా ఊళ్ళల్లో తల్లిదండ్రులు ఇంగ్లీషులోకి వెళతారట. మేము మా సొంత భాషలోకి వెళ్ళేవాళ్ళం.

పోయిన వానాకాలంలో నాన్న కళ్ళు పచ్చబడ్డాయి. అన్నం ముందు కూర్చుని వేళ్ళతో కెలికి లేచిపోయేవారు. కామెర్లనుకున్నాం, ఊరి నుంచి ఆకుమందు పంపిస్తామని బంధువులు కూడా ఫోన్లు చేశారు. ఆసుపత్రిలో స్కానింగులన్నీ అయ్యాక డాక్టర్ మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి హిందీలో మెల్లగా చెప్పాడు. క్లోమంలో కాన్సర్, కాలేయానికి కూడా పాకింది. ఆపరేషన్ వల్ల లాభం లేదు. నొప్పి తగ్గించగలం గానీ జబ్బు తగ్గించలేం.

నాన్న, రైలు ఎంత లేటని స్టేషన్లో అడిగినట్టు, ఎంత టైముందని అడిగారు. డాక్టర్ ఆయన వైపు కాకుండా నా వైపు చూశాడు. దీపావళి దాకా ఆశ ఉంది, ఆ తరవాత చెప్పలేనన్నాడు. నేను రిపోర్టులు ఏరి సంచిలో పెట్టుకున్నాను. ఆటోలో కూర్చున్నాక మళ్ళీ పైకి తీశాను. నాన్న నా మోకాలి మీద చెయ్యేసి, "గుంటలు బడి నుంచి వచ్చీ టైమైపోనాది, బేగి పోనియ్యమను" అన్నారు.

ఆ సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగి వచ్చాక, వంటింట్లో, తాలింపు వేస్తూ చెప్పాను. "దీపావళి దాటడం కష్టమంటన్నారు. ఇంక ఏటీ సెయ్యలేమంట." ఆయన చేతిలోని గ్లాసు గట్టు మీద పెట్టేశారు. వంటింటి గుమ్మం దగ్గర నేల మీద బోర్లా పడుకుని పెద్దది బొమ్మకు రంగులేసుకుంటోంది. నేను దాన్ని దాటుకుని వెళ్ళి కంచాలు తీశాను. "తాత కే పేట్ మే గ్యాస్ హై, బేటా. దవాఈ సే ఠీక్ హో జాయేంగే" అని, తాతకు కడుపులో గ్యాసే, మందుతో తగ్గిపోతుందని దానికి హిందీలో చెప్పాను. అది తల ఊపి, రంగులేసుకుంటూనే ఉంది.

ఇక నా భయం సంగతి. మా ఆఫీసు ఆదిత్యపూర్‌లో, నది అవతల. నాన్న పిల్లలతో ఇంట్లో. మా ఆయనకు షిఫ్టులు. నాన్నకు ఏదైనా అయితే ఆ క్షణాన ఆ గదిలో ఉండేది ఏడేళ్ళదీ, నాలుగేళ్ళవాడూ. పొద్దున్న టిఫిన్ డబ్బాలు సర్దుతుంటే ఈ ఆలోచన వచ్చేది, ఇక ఏ డబ్బాలో ఏం పెట్టానో మళ్ళీ మూత తీసి చూసుకునేదాన్ని. ఫోన్‌లో ఇంటి నంబరు కనపడితే భయం. కనపడకపోతే, ఎందుకు కనపడలేదని ఇంకా భయం. బాత్రూంలో ఆయన కొంచెంసేపు చప్పుడు చెయ్యకపోతే తలుపు దగ్గరికి పరిగెత్తేదాన్ని. "ఉన్నానే తల్లీ, కడుక్కోనియ్యవేటి" అని లోపలి నుంచి అరిచేవారు. చిన్నాడికి మామూలు జలుబు చేసినా నాకు ఏవేవో తోచేవి. మనిషిని ఒకసారి భయం పట్టుకుంటే అది ఒక్క చోట ఉండదు, ఇల్లంతా తిరుగుతుంది. ఏడుపొస్తే కుళాయి తిప్పి ఏడ్చేదాన్ని. బయటికొచ్చి పిల్లలతో నవ్వుతూ నూడుల్స్ చేసేదాన్ని. నా అంత బాగా నటించేది ఈ ఊళ్ళో లేదనుకున్నాను.

పిల్లలకు ఏమీ తెలియనివ్వకూడదు. నేను పట్టుకుని వేలాడింది ఈ ఒక్కదానికే. ఆయన్ని ఎలాగూ కాపాడలేను, కనీసం వాళ్ళనైనా కాపాడదామని.

దసరా వెళ్ళింది. పెద్దది ఆటకు వెళ్ళడం మానేసింది. పొద్దున్నే కడుపునొప్పి అనేది. మధ్యాహ్నం నాన్న కునుకు తీస్తుంటే పక్కన కూర్చుని, ముక్కు కింద అరచెయ్యి పెట్టి చూస్తుండగా ఒకసారి నా కంటపడింది. ఏం చేస్తున్నావంటే, దోమ అంది. దోమే అనుకున్నాను. బళ్ళో దీపావళికి కాగితపు లాంతర్లు చేయిస్తే ఇది చెయ్యనందట. బిష్టుపూర్‌లో కొత్త గౌను కొందామంటే కొట్లోకి రానని మెట్ల మీద కూర్చుంది. మొండికేస్తోందని నాలుగు తిట్టాను.

ఒక శనివారం ఒంటిపూట ఆఫీసు. ఎండ ఉండగానే ఇంటికొచ్చాను. నాన్న కుర్చీలో నిద్రపోతున్నారు. పెరటి వైపు నుంచి టప్, టప్ అని చప్పుడు. వెళ్ళి చూస్తే, నేను కొని తెచ్చి పెట్టిన మట్టి ప్రమిదలు ఒక్కొక్కటీ మెట్టుకేసి కొట్టి పగలగొడుతోంది మా పెద్దది. చిన్నాడు పక్కన కూర్చుని ఉత్సాహంగా అందిస్తున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చెయ్యెత్తాను. అది తప్పించుకోలేదు. ఇంకో ప్రమిద తీసుకుని గుండెకు అదుముకుని, హిందీలోనే, మెల్లగా అంది.

"దీవాళీ నహీఁ ఆయేగీ, తో తాత నహీఁ మరేంగే."

దీపావళి రాకపోతే తాత చచ్చిపోడు. ఎత్తిన చెయ్యి నాకు దింపడం తెలియలేదు.

"నీకెవరు చెప్పారు?"

"ఆప్‌నే. కిచెన్ మే. పాపా కో." నేనేనట, వంటింట్లో, వాళ్ళ నాన్నతో.

"అది తెలుగులో కదే చెప్పాను!" అన్నాను నేను. తరవాత తలుచుకుంటే నాకే నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి గానీ, ఆ క్షణాన నా నోటికి వచ్చిన మాట అదే.

వెనక నుంచి నాన్న గొంతు. ఎప్పుడు లేచారో, గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నారు. "దానికి తెలుగు రాదని నీకెవులు సెప్పినారే? పుట్టిన కాడ్నించీ నాతోటే కదేటి అది. పలకదు. అన్నీ ఇంటాది."

అంటే వాన రోజుల నుంచీ. నేను రోజూ దాని నెత్తి మీదుగా మా ఆయనకు చెప్పిన ప్రతి ముక్కా, మందులు, నొప్పులు, రక్తం రిపోర్టులు, "నాన్నకి ఏటైనా అయితే ఈ గుంటలు ఒక్కలే ఉంటారు" అన్న మాటతో సహా, అన్నీ విని, రంగులేసుకుంటూ కూర్చుంది. అమ్మ గ్యాస్ అని చెబితే, తల ఊపింది. నాకు నా భర్త ఉన్నాడు చెప్పుకోవడానికి. దానికి ఎవరున్నారు?

నాన్న మెట్టు మీద కూర్చున్నారు. కూర్చోడానికే ఆయాసం వచ్చింది. దాన్ని పక్కకు పిలిచారు. ఏం చెప్పబోతున్నారో నాకు తెలిసిపోయింది.

"నాన్నా, ఊరుకో! పసిది!"

"పసిదే. ఇన్నాళ్ళూ ఒక్కత్తీ మోసింది, నువ్వు సూసినావేటి?" అని నన్ను ఒక్క మాటతో నోరు మూయించి, దాని వైపు తిరిగారు. "క్రేన్లోన మేం బరువు లేపీముందు ఏటి సేసీవోలమో తెల్సా? గంట కొట్టీవోలం. కిందున్నోలందరికీ ఇనపడాల. గంట కొట్టకుండా లేపీసినావనుకో, కిందున్నోడికి మీద పడ్డాకే తెలుత్తాది. మీయమ్మ గంట కొట్టకుండా బరువు లేపీసింది. పోన్లే, దానికీ భయమే. ఇప్పుడు నాను కొడతన్నాను, ఇనుకో. తాతకి పెద్ద జబ్బు. తగ్గదు. తాత సచ్చిపోతాడు. దీపావళికా, ఎనకాలకా, డాక్టరుకీ తెల్దు, నాకూ తెల్దు. నువ్వు దీపాలు పగలగొట్టినావని ఆగదు, ఎలిగించినావని బేగి రాదు. నీ సేతిల నేదిది."

అది చేతిలోని ప్రమిద మెట్టు మీద పెట్టింది. "దర్ద్ హోగా?" అంది, నొప్పెడుతుందా అని.

"అవుతాది. మందిత్తారు."

"ఫిర్ ఆప్ కహాఁ జాయేంగే?"

"అదీ తెల్దు. ఎల్లినోలెవులూ తిరిగొచ్చి సెప్పనేదు." దాని జడ వెనక్కి వేసి, "నువ్వేటడిగినా నాను అబద్దం సెప్పను. అలగని ఊరికే ముక్కు కింద సెయ్యెట్టకు, గిలెడతన్నాది" అన్నారు. అది నవ్వింది. ఎన్ని వారాలకో నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది, ఆయన లుంగీలో మొహం పెట్టి. చిన్నాడు ఏమీ అర్థం కాక, మిగిలిన ఒక్క ప్రమిదనూ తీసుకెళ్ళి మెట్టుకేసి కొట్టాడు.

మర్నాటి నుంచి ఆయన దానికి శిక్షణ మొదలుపెట్టారు. నా భయాన్నే తీసుకుని పాఠం చేశారు. తాతను రెండుసార్లు పిలువు. పలక్కపోతే భుజం ఊపు. అప్పటికీ పలక్కపోతే తమ్ముడి చెయ్యి పట్టుకో, పక్కింటి ఒరియా ఆంటీ బెల్లు కొట్టు. ఏడవడం ఎప్పుడని అది అడిగితే, "బెల్లు కొట్టినాక ఎంతైనా ఏడు" అన్నారు. అలవాటు చెయ్యాలని నిజంగానే కొట్టించారు. ఆ ఆంటీ పిండి చేతులతో పరిగెత్తుకొచ్చి, విషయం తెలిసి, ఈయన్ని చీవాట్లేసి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది. నేను గదిలో చెవులు మూసుకున్నాను. నాకు ఆ ధైర్యం లేదు, ఇప్పటికీ లేదు. కానీ ఆ రోజు నుంచీ దాని కడుపునొప్పి తగ్గింది. మళ్ళీ ఆటకు వెళ్ళింది.

దీపావళి వచ్చింది. కొత్త ప్రమిదలు తెచ్చాం. సాయంత్రమంతా అది ఆయన వేలు వదల్లేదు. తెల్లారి లేస్తూనే మంచం దగ్గరికి పరిగెత్తి, "తాత, దీవాళీ ఖతమ్!" అని అరిచింది. "ఉన్నాన్లే. మీయమ్మని టీ ఎట్టమను" అన్నారు ఆయన, కళ్ళు తెరవకుండానే.

ఆ తరవాత వచ్చిన రోజులు మంచివని చెప్పను. ఆయన చేతులు పుల్లలైపోయాయి. నొప్పి మందుల మత్తులో ఎప్పుడో పనిచేసిన సాటివాళ్ళను పేరు పెట్టి పిలిచేవారు. నా భయం ఒక్క పూట కూడా సెలవు తీసుకోలేదు. కానీ కుళాయి తిప్పి ఏడవడం మానేశాను. భయమేస్తోందని పెద్దదానితో నేరుగా చెప్పిన మొదటిసారి, అది పెద్ద ఆరిందాలా, తనకూ అంతేనంటూ, "ముఝే భీ" అని చిప్స్ ప్యాకెట్ నా వైపు జరిపింది. నాకు ఇంత చేసి వెళ్ళిన మనిషికి కృతజ్ఞత ఎలా చెప్పాలో తెలియదు. ఉన్నప్పుడు మాత్రం చెప్పలేదు. పప్పు బాగుందని కూడా సరిగ్గా చెప్పలేదు.

ఆ ఆదివారం మేమందరం ఇంట్లోనే ఉన్నాం. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది. ఒకసారి ఎడమే మిగిలింది. పెద్దది నా పక్కనే ఉంది. రెండుసార్లు పిలిచింది. భుజం ఊపింది. చెప్పినట్టే తమ్ముడి చెయ్యి పట్టుకుని వెళ్ళి పక్కింటి బెల్లు కొట్టింది, మేమంతా అక్కడే ఉన్నా సరే. అప్పుడు ఏడ్చింది. వచ్చినవాళ్ళు పసిదాన్ని అవతలికి పంపమన్నారు. పంపలేదు నేను.

కర్మలయ్యాయి. బంధువులు రైలెక్కి వెళ్ళిపోయారు. సోమవారం పొద్దున్న పిల్లల్ని బస్సెక్కించడానికి మొదటిసారి నేను వెళ్ళాను, మంచాన పడేదాకా అది నాన్న పని, తరవాత పక్కింటి ఆంటీ తీసుకెళ్ళేది. ఫ్యాక్టరీ వైపు వెళ్ళే లారీల దుమ్ములో మిగతా పిల్లలూ తల్లులూ నిలబడి ఉన్నారు. అందరూ నన్ను జాలిగా చూశారు, నేనూ గట్టిగానే నిలబడ్డాను. బస్సొచ్చింది. ఇద్దరూ ఎక్కారు. నేను వెనక్కి తిరగబోతుంటే కిటికీలోంచి ఒక అరుపు వినిపించింది. తెలుగులో, మా నాన్న గొంతంత పెద్దగా, బస్సు బస్సంతా తిరిగి చూసేలా.

"అమ్మా! ఒక్కత్తివీ ఏడవకేం! నాను వచ్చీదాకా ఆగు, ఇద్దరం కలిసేడుద్దుం!"

కండక్టర్ దాన్ని హిందీలో కసురుతున్నాడు, చెయ్యి లోపల పెట్టుకోమని. బస్సు లారీల మధ్యకు వెళ్ళి మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి బయటే ఉంది.